మేనత్తకు ఒక దారి పోయింది

"ఈ గదిలోకి ఎవరొచ్చినా తలుపుకి తెలుసు బావా. ఇక నీ బుర్రతో పనిలేదు. నీ బుర్రకథతో అసలే పనిలేదు."

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితాన్ని నా ముక్కు ముందు ఆడించాడు. ఆసుపత్రి యంత్రాల గది తలుపు నిన్న మధ్యాహ్నం తనంతట తాను రాసుకున్న చిట్టా అది. కార్డు గీస్తేనే తెరుచుకునే తలుపు. రెండు ముప్పైకి ఈ గది చూసుకునే పెద్దాయన కార్డు. నాలుగూ మూడుకి, ఆయన్ని బాబాయ్ అని పిలిచే టెక్నీషియన్ అమ్మాయి కార్డు. ఆ మధ్యలో ఈగ కూడా లేదు. నాలుగూ అయిదుకి ఆ అమ్మాయే ఫోన్ చేసి, "బాబాయ్ తల పగిలి పడున్నాడు, ఎవరైనా రండి" అని అరిచింది. పెద్దాయన ఇప్పుడు ఇదే భవనం మూడో అంతస్తులో, ఐసీయూలో, స్పృహ లేకుండా ఉన్నాడు.

"లోపల ఇద్దరు. ఒకళ్లు పడ్డారు. పడనివాళ్లు ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇందులో పెద్ద లెక్కేముంది? నాలుగింటికి బండి వస్తుంది. ఎక్కిస్తాను."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. అంటే నా చేతిలో గంటా నలభై నిమిషాలు.

అతను నన్ను బావా అనడం అలవాటు కొద్దీ. వాళ్లక్క నన్ను వదిలేసి ఆరేళ్లయింది. బంధుత్వం రద్దయింది గానీ పిలుపు రద్దు చేసుకోవడం ఇద్దరం మరిచిపోయాం. ఈ భూమ్మీద నన్ను వరసపెట్టి పిలిచే మనిషి ఇప్పుడు ఇతనొక్కడే. అందుకని నేను గుర్తు చెయ్యలేదు.

"తలుపు ఎవరొచ్చారో రాసింది. ఎవరు వెళ్లారో రాసిందా?" అన్నాను.

"వెళ్లడానికి కార్డెందుకు? లోపలి పక్క బొత్తాం ఉంది. నొక్కితే తెరుచుకుంటుంది."

"అంటే రాకలున్నాయి, పోకలు లేవు. పోక తెలియని చోట మూకలు పోయినా తెలియదు."

"ఒక్కసారి సీదాగా మాట్లాడు బావా. పుణ్యముంటుంది."

గది చివర, బోర్లించిన అట్టపెట్టె మీద టెక్నీషియన్ అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లుంటాయి. మెళ్లో కార్డు వేలాడే తాడు ఉంది, కార్డు లేదు. దాన్ని ఇన్‌స్పెక్టర్ జేబులో వేసుకున్నాడు. కీబోర్డు ముట్టుకోకూడదని కూడా ఆజ్ఞ. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మధ్య దాచుకుంది. కేసు చూడమని నన్ను పురమాయించింది వాళ్ల పెద్దమ్మ. "మా పిల్ల చీమని తొక్కితే ఆగి క్షమాపణ చెప్పే రకం బాబూ" అంది పొద్దున ఫోన్‌లో. పెద్దమ్మల మాటలు కోర్టులో నిలబడవు. అందుకే నేను నిలబడ్డాను.

గది నిండా అరలున్న ఇనుప రాకులు, వాటి నిండా సర్వర్లు, వాటన్నిటి ఒకటే హోరు. చలి ఎముకల్లోకి దిగుతోంది. మా ఇల్లు గుర్తొచ్చింది. అక్కడా ఇంతే. చలి ఉంటుంది, చెలి ఉండదు.

"నిన్న రెండున్నర నుంచి ఎక్కడున్నావమ్మా?"

"రెండూ నలభైకి స్కానింగ్ భవనానికి వెళ్లాను సార్. ప్రింటరు కాగితం నమిలేస్తోందని పిలిచారు. మూడూ యాభై అయిదు దాకా అక్కడే ఉన్నాను. ముగ్గురు నర్సులు పక్కనే ఉన్నారు. ఒకావిడ అయితే మొత్తం సేపూ తిడుతూనే ఉంది, నన్ను కాదు, ప్రింటర్ని."

"ఆ తిట్లు మేము కూడా రాసుకున్నాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ ముగ్గురూ నిజమే చెప్పారు. కానీ దెబ్బ తగిలింది నాలుగూ మూడు తరవాత. అప్పుడు ఈవిడ ఎక్కడుంది? ఇక్కడే."

"దెబ్బ నాలుగింటికే తగిలిందని డాక్టర్ చెప్పాడా?"

"రెండున్నరకీ నాలుగుంపావుకీ మధ్య అన్నాడు. మిగతాది తలుపు చెప్పింది." ఫైలు తెరిచాడు. "పైగా ఇందులో ఆస్తి గొడవ కూడా ఉంది. పెద్దాయన కంప్యూటర్ తెర మీదున్న సందేశం ఇది. నిన్న ఫోటో తీశాం. చదువు."

ఫోటోలో నల్ల తెర. ఇంగ్లీషు అక్షరాల్లో మేనత్త అని ఉంది. మేనత్తకు ఒక దారి పోయింది, ఒక దారి మిగిలింది అని దాని సారాంశం. ఆ కింద అక్క క్షేమం, చెల్లి క్షేమం. ఎడమ పక్క అంచున, కింది వరసల్లో ఇంకా ఏదో ఉండాలి గానీ ఫోటో తీసినవాడి బొటనవేలు అడ్డమొచ్చింది.

"పొద్దున్నించీ ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ మేనత్త కోసం వెతుకుతున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పొలానికి దారి విషయంలో తగాదా అని నా అనుమానం. ఆవిడ ఎక్కడుంటుందో ఈ పిల్ల నోరు విప్పదు."

"నన్నెవరూ అడగలేదు," అంది అమ్మాయి. "మేనత్త మూడో రాకులో ఉంటుంది. పైనుంచి రెండో అర."

ఇన్‌స్పెక్టర్ మీసం కిందికి దిగింది. నాకు ఆరేళ్లలో ఇంత ఆనందం కలగలేదు.

"విడమరిచి చెప్పమ్మా. మా వాడికి మేనత్తలంటే భయం."

"డిస్కులన్నీ ఆ మూల పెద్ద పెట్టెలో ఉంటాయి సార్. సర్వర్లు ఈ రాకుల్లో. డిస్కుకీ సర్వరుకీ మధ్య రెండు కేబుళ్లు, వేర్వేరు స్విచ్చుల మీదుగా. ఒకటి పోతే రెండోది మోస్తుంది. పని ఆగదు. ఇవే రెండు దారులు."

"ఊరికి రెండు రోడ్లన్నమాట."

"అంతే. కానీ కేబుళ్లు గుచ్చితే సరిపోదు. సర్వరులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా చెప్పాలి, ఈ రెండు దారుల్లో కనిపించేది ఒకటే డిస్కు అని. చెప్పకపోతే రెండు డిస్కులనుకుంటుంది. వీధి గుమ్మంలో ఒకసారి, పెరటి గుమ్మంలో ఒకసారి కనిపించిన మనిషిని చూసి కవలలు అనుకున్నట్టు. రెంటినీ కలిపి కట్టి ఒక పేరు పెట్టాలి. అందరూ అంకెలు పెడతారు. బాబాయ్ వరసలు పెట్టాడు. అక్క, చెల్లి, మేనత్త. పెదనాన్న కూడా ఉన్నాడు సార్, కానీ నిండిపోయాడు. ఈ నెలలో మార్చాలి."

"సొంతవాళ్ల పేర్లా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "సొంతవాళ్లు ఎవరూ లేరు."

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి పెద్దాయన ఉద్యోగపు ఫారం తీసి మాట్లాడకుండా నాకిచ్చాడు. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్న చోట రెండు గళ్లున్నాయి. మొదటి గడిలో ఈ యంత్రాల గది నంబరు. రెండో గడిలోనూ అదే నంబరు. ప్రతి డిస్కుకీ రెండు దారులు ఉండాల్సిందేనని పట్టుబట్టిన మనిషి తన దగ్గరికొచ్చేసరికి ఒకే దారిని రెండుసార్లు రాసుకున్నాడు. ఆ కాగితాన్ని నేను కొంచెం ఎక్కువసేపే పట్టుకున్నాను. అలాంటి ఫారం ఈ మధ్య నేను కూడా నింపాను. రెండో గడి ఖాళీగా వదిలేశాను. ఆయన నాకన్నా మర్యాదస్తుడు.

"మేనత్తకు దారి ఏ టైముకి పోయింది?" అన్నాను.

"లాగ్‌లో ఉంటుంది సార్. సర్వరు సెకన్లతో సహా రాస్తుంది. నిన్నే చూసేదాన్ని, నన్ను ముట్టుకోనివ్వలేదు. అసలు దారి పోగానే నా ఫోన్‌కి కబురు రావాలి. కానీ మా విభాగం పెద్దసారు ఆపించేశారు. 'ఒకటి పోతే ఏం, రెండోది ఉందిగా, నా ఫోన్ మోగకూడదు' అని."

"లాగ్‌లో ఉన్నది లాగుదాం. నువ్వు చెప్పు, నేను కొడతాను."

"నీకు టైపింగ్ వచ్చా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండు వేళ్లతో వచ్చు. ఒక వేలు పోతే రెండోది మోస్తుంది."

సర్వర్లన్నిటికీ ఆజ్ఞలిచ్చే తెర, కన్సోలు ముందు కూర్చున్నాను. ఆమె ఒక్కో అక్షరం చెప్పింది, నేను ఒక్కో అక్షరాన్నీ వేటాడి పొడిచాను. ముందు దారుల జాబితా. "చివర చిన్న గీత, తరవాత ఎల్ ఎల్," అంది.

"ఎల్లెల్లా? ఎవర్ని ఎళ్లమంటున్నావు?"

ఆమె నవ్వింది. నవ్వినందుకు వెంటనే భయపడింది. జాబితాలో మేనత్తకు రెండు దారులూ పచ్చగానే ఉన్నాయి. తరవాత లాగ్ తెరిచాం. నిన్నటి తేదీ. రెండు వరసలు.

రెండూ యాభై ఒకటి, పద్నాలుగు సెకన్లు: మేనత్తకు ఒక దారి పోయింది.

మూడూ ఇరవై రెండు, నలభై సెకన్లు: మేనత్తకు పోయిన దారి తిరిగొచ్చింది.

"అయితే ఏంటి? కేబులు వదులై ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను మూడో రాకు వెనక్కి పాకాను. నా పొట్టకీ గోడకీ మధ్య కాసేపు సంప్రదింపులు నడిచాయి. పెద్దాయన పడిన చోటు సుద్దగీతతో ఉంది. రాకు అంచున, మనిషి తల ఎత్తులో, ఎండిన మరక. ఆ పక్కనే కేబుళ్ల బారు. టార్చి వేసి ఒక్కో ప్లగ్గునీ చూశాను. ప్రతి ప్లగ్గు మీదా చిటికెనవేలి గోరంత నీలం కొక్కెం ఉంది. అది టక్కున పట్టుకుంటేనే ప్లగ్గు జారకుండా ఉంటుంది. ఒక్కదానికి కొక్కెం లేదు. విరిగిన మొదలు మాత్రం ఉంది. ప్లగ్గు రంధ్రంలో ఊరికే ఆనుకుని కూర్చుంది, అద్దెకున్నవాడిలాగా.

"ఇది ఎవరి కేబులమ్మా?"

"మేనత్తది సార్. ఎడమ దారి."

"ఇన్‌స్పెక్టరు గారూ, పెద్దాయన ఒంటి మీద దొరికిన వస్తువుల జాబితా చదువు."

"కళ్లజోడు. కలం. తాళాలు. కుడి పిడికిట్లో బొత్తాం ముక్క."

"రంగు?"

అతను ఆగాడు. "నీలం."

"అది బొత్తాం కాదు నాయనా. పడిపోయే మనిషి చేతికందింది పట్టుకున్నాడు. అందింది మేనత్త. కొక్కెం విరిగి పిడికిట్లో ఉండిపోయింది, కేబులు ఊడింది. రెండూ యాభై ఒకటీ పద్నాలుగు సెకన్లకి. అప్పుడు ఈ పిల్ల ప్రింటరు దగ్గర తిట్లు వింటోంది. నీ ముగ్గురు నర్సులే సాక్షులు."

ఇన్‌స్పెక్టర్ గభాలున ఒప్పుకునే మనిషి కాదు. వాళ్లింట్లో ఎవరూ ఒప్పుకోరు. "అయితే తనే కాలుజారి పడ్డాడు. కేసే లేదు."

"కేబులు మళ్లీ గుచ్చిందెవరు? పగిలిన తలతో ఆయనే లేచి, గుచ్చి, బుద్ధిగా సుద్దగీత కొలతలో పడుకున్నాడా? మూడూ ఇరవై రెండుకి ఈ గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. వాడు రెండున్నరకి పెద్దాయనతోనే వచ్చాడు. పెద్దాయన కార్డు గీసి తలుపు పట్టుకుని, 'రండి' అన్నాడు. సర్వరేమో ఒకణ్ని ఇద్దరనుకుంటుందిట. నీ తలుపు ఇద్దర్ని ఒకడనుకుంది."

ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితం ఆడటం మానేసింది.

"ముప్పై ఒక్క నిమిషాలు," అన్నాను. ఈసారి నా నోటికి శ్లేష దొరకలేదు. ముప్పై ఒక్క నిమిషాలు ఒక మనిషి ఈ చలిలో, ఈ హోరులో, నేల మీద రక్తం ఓడుతున్న ఇంకో మనిషి పక్కన ఉన్నాడు. పిలిస్తే పలికే డాక్టర్లు నూరు గజాల్లో నలభై మంది ఉన్నారు. పిలవలేదు. అరగంట ముందు తెచ్చి ఉంటే బాగుండేదని ఐసీయూ డాక్టర్ పొద్దున మెట్ల దగ్గర నాతో అన్నాడు.

అమ్మాయి మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"కేబులు గుచ్చడమే వాడి తప్పు," అన్నాను. "నువ్వో నేనో అయితే వేలాడే తీగని చూస్తామా? దూకి పారిపోతాం. ఊడిన కేబులు చూసి ఆగలేనివాడు ఈ పనిలో పుట్టి పెరిగినవాడు. వరసగా ఇరవై నాలుగు రంధ్రాలుంటే సరైన దాంట్లోనే గుచ్చాడు కూడా. పెద్దసారు ఎక్కడ?"

పెద్దసారు మూడుంపావుకి వచ్చాడు. ఈ విభాగానికి అధిపతి. కింది వాళ్లు వెనక నుంచి సంతకాల సారు అంటారు. జేబులో రెండు కలాలు, మొహంలో ఒకే భావం. ఒకప్పుడు తనూ ఇదే గదిలో టెక్నీషియన్. పైకి వెళ్లాక కిందికి దిగలేదు.

"నిన్న రెండున్నర నుంచి ఎక్కడున్నారు సార్?"

"నా గదిలో. రేపు పదింటికి విచారణ కమిటీ ఉంది. తలుపేసుకుని కాగితాలు చూసుకుంటున్నాను."

"ఒక్కరేనా?"

"పెద్ద పదవిలో ఉన్నవాడు ఒక్కడే ఉంటాడు."

"పదవి లేనివాడు కూడా సార్. నన్ను చూడండి. కమిటీ దేని మీద?"

ఆయన బదులు అమ్మాయి చెప్పింది. అయిదు నెలల కిందట ఆపరేషన్ థియేటర్ సర్వరు పదకొండు నిమిషాలు ఆగిపోయింది. బల్ల మీదున్న రోగి వివరాలు తెర మీదికి రాలేదు. రోగి దక్కలేదు. ఆ సర్వరుకి రెండో దారి ఉందా లేదా అన్నదే కమిటీ అడుగుతున్న ప్రశ్న. ఉందని పెద్దసారు రాతపూర్వకంగా ఇచ్చారు. రేపు బాబాయ్, ఆ తరవాత తను, సాక్ష్యం చెప్పాలి.

"ఇద్దరూ చెప్పలేని స్థితిలో ఉంటే మీకు హాయి," అన్నాను.

"మాటలు జాగ్రత్త." ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఈయనకి ఇక్కడ ఏం అధికారం ఉంది?"

"ఏమీ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా బావ."

కన్సోలు పక్కన పరీక్షల పుస్తకం ఉంది. ఈ గదికి పెద్దాయన పెట్టిన ఆచారం. ప్రతి నెలా ఒక కేబులు చేత్తో లాగాలి, పని ఆగలేదని చూడాలి, తిరిగి గుచ్చాలి. లాగినవాడి సంతకం ఒకటి, చూసినవాడి సంతకం ఒకటి. నాలుగేళ్ల పేజీలు తిప్పాను. చూసినవాడి సంతకం ప్రతిసారీ పెద్దసారుదే. నిన్నటి వరస: మేనత్త, ఎడమ దారి, పెద్దాయన దస్తూరీ. పక్కన, "సాక్షి స్వయంగా రావలెను" అని కొత్తగా ఒక ముక్క. సాక్షి సంతకం లేదు.

"నలభై ఎనిమిది సంతకాలు. అన్నిసార్లూ వచ్చి చూశారా?"

"చూడకుండా ఎలా పెడతాను?"

అమ్మాయి పుస్తకం వైపు వేలు చూపించింది. "సార్ ఎప్పుడూ రాలేదు. పుస్తకమే ఆయన గదికి వెళ్లేది."

"ముద్దాయి మాటలు," అన్నాడు పెద్దసారు.

"సరే, వచ్చారనే అనుకుందాం," అన్నాను. "కేబులు లాగితే ఏమవుతుంది సార్? నాకు తెలియక అడుగుతున్నాను."

"నారింజ రంగు లైటు కొట్టుకుంటుంది. పెట్టె వెనక, కింద ఎడమ మూల. టిక్కుటిక్కుమని ప్రాణం తీస్తుంది."

"చూసి వదిలెయ్యలేం అన్నమాట."

"ఎవడు వదిలేస్తాడు..." అని ఆగిపోయాడు.

అమ్మాయి లేచి నిలబడింది. "ఆ డిస్కుల పెట్టె మార్చి పన్నెండు రోజులే అయింది సార్. పాత పెట్టెకి లైటు ముందు పక్క, పైన ఉండేది. కొత్త పెట్టె వచ్చాక కేబులు లాగడం నిన్నే మొదటిసారి."

పెద్దసారు మొహంలో భావం మారలేదు గానీ కలం ఒకటి జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"దానితో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంది. చూశాను," అన్నాడు.

నేను ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టి తలుపు దాకా లాక్కెళ్లాను. "ఇంకేం కావాలి నీకు?"

"సాక్ష్యం కావాలి. లైటు ఎక్కడుందో తెలియడం నేరం కాదు. పిల్ల పడగొట్టలేదు, సరే. కానీ ఆ రెండోవాడికి తోడు కాదని నీకేం తెలుసు? స్టేషనుకి తీసుకెళ్లి అడుగుతాను. పైనుంచి అప్పుడే రెండుసార్లు ఫోనొచ్చింది."

"ఎవరు చేయించారో ఆ ఫోను?"

"బావా, నీకు అందరూ దొంగలే. అందుకే మా అక్క..." అని నాలుక కరుచుకున్నాడు.

నేను మళ్లీ కన్సోలు ముందు కూర్చుని లాగ్‌ని కిందికీ పైకీ తిప్పాను, అర్థమైనట్టు.

సరిగ్గా నాలుగింటికి మహిళా కానిస్టేబుల్ వచ్చింది. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. అమ్మాయి రెండడుగులు వేసి, నా వెనకాల తెర దగ్గర ఆగిపోయింది.

"సార్, కొంచెం పైకి జరపండి. ఇంకొంచెం. ఇది థియేటర్ సర్వరు. దీని డిస్కు పక్కన ఈ రెండోది ఏంటి?"

"నన్నడుగుతావా? నాకు ఒకటో ఎక్కమే రాదు."

"నిన్న మూడూ అయిదుకి వచ్చింది. దీనికి రెండో కేబులు గుచ్చనే లేదు సార్! నాలుగేళ్లుగా చుట్టచుట్టి, దారంతో కట్టి, వెనక వేలాడుతోంది."

నేను వెనక్కి పాకాను. కేబులు గుచ్చి ఉంది. తెగిన దారం నేల మీద ఉంది.

ముప్పై ఒక్క నిమిషాలు వాడేం చేశాడో తెలిసింది. రేపు కమిటీ వచ్చి చూస్తే రెండో దారి ఉండాలి. అందుకని పెద్దాయన తెరిచి ఉంచిన కన్సోలు ముందు కూర్చుని, కాళ్ల దగ్గర ఆయన పడి ఉండగా, నాలుగేళ్ల కిందట చెయ్యాల్సిన పని చెయ్యబోయాడు. కేబులు గుచ్చాడు. రెండూ ఒకటేనని సిస్టమ్‌కి చెప్పాలని మూడుసార్లు ప్రయత్నించాడు. ఇరవై ఏళ్లుగా సంతకాలే చేసిన చేతికి అది చేతకాలేదు. మూడు విఫలయత్నాలూ లాగ్‌లో ఉన్నాయి, పెద్దాయన పేరు మీదే. ఆయన అప్పటికి పదిహేను నిమిషాలుగా నేల మీద ఉన్నాడు.

అమ్మాయి మొహంలో రక్తం లేదు. "ఒకే డిస్కు రెండుగా కనిపిస్తోంది సార్. రెండోది ఎవరూ వాడని కొత్త డిస్కు అనుకుంటుంది. నాలుగున్నరకి వారం కాపీ మొదలవుతుంది. ఖాళీ డిస్కు కనిపిస్తే తుడిచేసి, దాని మీద కాపీ రాస్తుంది. అది ఖాళీ కాదు, థియేటర్ డిస్కే. మూడింటి నుంచి పైన ఆపరేషన్ జరుగుతోంది."

నాలుగూ ఏడు.

"కాపీ ఆపించాలి, తరవాత రెంటినీ కట్టాలి. పది నిమిషాల పని. నన్ను కూర్చోనివ్వండి."

"పోలీసు స్వాధీనంలో ఉన్న యంత్రం," అన్నాడు పెద్దసారు తలుపు దగ్గర నుంచి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ముద్దాయి చెయ్యి పడితే సాక్ష్యాలు చెడిపోతాయి. ఆలోచించుకోండి ఇన్‌స్పెక్టర్."

ఇన్‌స్పెక్టర్ ఆలోచించుకున్నాడు. అతని నుదుట చెమట పట్టింది, ఆ చలిలో.

"ఆమె చెప్తే నేను కొడతాను," అన్నాను.

"సార్ వేళ్లకి తెల్లారుతుంది," అంది అమ్మాయి.

"నాయనా," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో, "నా మాట నమ్మొద్దు. మీ అక్క నమ్మలేదు, ఆవిడ తెలివైనది. బల్ల మీద పడుకున్నది ఎవరో నీకూ తెలియదు, నాకూ తెలియదు. వాళ్లకీ ఒక బావమరిది ఉంటాడు."

అతను జేబులోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "కూర్చో."

ఆమె వేళ్లు పడగానే ఆ కీబోర్డు వేరే వస్తువైపోయింది. నాలుగూ పదకొండుకి కాపీ ఆగింది. నాలుగూ పద్దెనిమిదికి తెర మీద రెండు డిస్కులు ఒకటయ్యాయి, దాని కింద రెండు దారులు పచ్చగా నిలబడ్డాయి. సిస్టమ్ పేరు అడిగింది. ఆమె ఒక్క క్షణం చేతులెత్తి ఆగింది. తరవాత "బాబాయ్" అని కొట్టింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నువ్వు ఇంటికెళ్లొచ్చు తల్లీ," అన్నాడు. "ఈ లాగ్ నాకు అచ్చు వేసివ్వు, చాలు." తరవాత పెద్దసారు వైపు తిరిగాడు.

తలుపు దగ్గర పెద్దసారు లేడు. బయటికెళ్లడానికి కార్డెందుకు?

"పారిపోయి ఎక్కడికి పోతాడు? గేటు మూయిస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఫోన్ అందుకుంటూ.

"వాడు గేటుకి వెళ్లడు," అన్నాను. "లాగ్‌లో ఉన్నది పెద్దాయన పేరే. ఈ గదిలోకి తనతో వచ్చింది ఫలానావాడని చెప్పగలిగే నోరు ఆ పెద్దాయనది ఒక్కటే. ఐసీయూ దగ్గర కాపలా ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెవి దాకా వెళ్లలేదు. అతను మహిళా కానిస్టేబుల్ వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది.

"బండి వచ్చింది, కిందికి రమ్మని మీరే కదా సార్ పిలిచారు?"

"ఇంకొకళ్లు?"

"మిగతా ఇద్దరూ మేనత్త కోసం తిరుగుతున్నారు సార్. పైన నేనొక్కదాన్నే."

నడవలోకి పరుగెత్తాం. లిఫ్టు తలుపులు మూసి ఉన్నాయి. పైన ఎర్రటి అంకె ఒకటి నుంచి రెండుకి మారింది. నేను మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ అరిచాడు, "బావా, మూడు! మూడులో ఆగింది!"